విమానచోదకుని నిత్యపరీక్షలు



విమానచోదక వృత్తిని జీవికగా స్వీకరింపగోరు యువజనులనుద్దేశించి నాలుగు మాటలు చెప్పవలసినదని ఆకాశవాణివారు నన్నడిగిరి. నేను విమానము నడుపువాడను కాను. విమానము నడుపుట నేర్చుకొనవచ్చిన పిల్లలను, వారు గాలిలోనికి లేచుటకు ముందు, నేలమీద కూర్చుండబెట్టి వారికి వాతావరణశాస్త్రమును, ఆకాశమార్గ గణితమును బోధించెడి ఉపాధ్యాయుడను. అందుచేత నా మాటలలో మేఘమండలముపైని సూర్యోదయ వర్ణనలు దొరకవు. అట్టివానికి ఆశపడి రేడియో ముందు కూర్చున్నవారు నన్ను క్షమింతురుగాక.

ప్రతి సంవత్సరమును ఇంటర్మీడియెట్ ఫలితములు వెలువడిన వారము పది దినములలో ఒక తండ్రియు కొడుకును, ఇటీవల అంతకంటె తరచుగా ఒక తల్లియు కూతురును, నా ఎదుటి కుర్చీలలో వచ్చి కూర్చుందురు. పెద్దవారి ప్రశ్న యొక్కటే: మొత్తము ఎంత యగును? పిల్లల ప్రశ్నయు నొక్కటే, కాని దానిని పెద్దల సమక్షమున అడుగుటకు మొగమాటపడి, మెట్లు దిగుచు మరల వెనుకకు వచ్చి అడుగుదురు: జీతమెంత వచ్చును? రెండును న్యాయమైన ప్రశ్నలే; రెండింటికిని సమాధానములున్నవి. కాని, బ్రదుకు పొడవునను పరీక్షింపబడుచుండుటకు మా బిడ్డకు ఓర్పు కలదా యని ఇంతవరకు నన్నెవరును అడిగిన జ్ఞాపకము లేదు. తక్కిన విద్యలలో పరీక్షలు పట్టాతో ముగియును. ప్లీడరునకు గాని, ఇంజనీరునకు గాని, నావంటి ఉపాధ్యాయునకు గాని పట్టా చేతికి వచ్చిన పిదప, నీకీ విద్య ఇంకను వచ్చునా యని నిలదీయువాడు సాధారణముగా లేడు. విమానచోదకుని మాత్రము, అరువదియైదవ యేట అతడు టోపీ తీసి కొక్కెమునకు తగిలించు దినము వరకు, ఎవరో యొకరు ఏదో యొక రూపమున ఆ ప్రశ్న అడుగుచునే యుందురు. ఈ వృత్తిలోని కష్టమంతయు అందున్నది. నేనెరిగినంతలో దీని గౌరవమును అందే యున్నది.

భారతదేశమున జారీయైన మొట్టమొదటి పైలటు లైసెన్సు 1929 ఫిబ్రవరి 10వ తేదీన జె.ఆర్.డి. టాటాగారి పేర వెలువడినది. ఒంటరిగా విమానము నడుపుకొనుచు ఇంగ్లండునకును ఇండియాకును నడుమ నియమిత గడువులోపున ప్రయాణము పూర్తిచేసిన మొదటి భారతీయునకు అయిదువందల పౌనుల బహుమానమిత్తునని ఆగాఖాన్ ప్రకటింపగా, మరుసటి యేట టాటాగారు కరాచీనుండి పడమటికి బయలుదేరిరి. ఆస్పీ ఇంజనీర్ అను పదునేడేండ్ల పార్సీ బాలుడు ఇంగ్లండునుండి తూర్పునకు బయలుదేరెను. ఈజిప్టు దేశమున అబూకిర్ విమానక్షేత్రమున ఇరువురును తటస్థపడిరి. బాలుని యంత్రమున స్పార్కు ప్లగ్గులు చెడిపోయి, మార్చుకొనుటకు వేరు ప్లగ్గులు లేక, అతడచ్చట చిక్కుపడి యుండెను. టాటాగారు తమ వద్దనున్న ప్లగ్గులు తీసి ప్రత్యర్థి చేతికిచ్చి తమ త్రోవను తాము పోయిరి. కొలది గంటల తేడాతో బహుమానము ఆస్పీకి దక్కినది. ఆ బాలుడే కాలక్రమమున భారత వైమానికదళమునకు అధిపతి యయ్యెను. ఈ వృత్తాంతమును ఔదార్యమునకు నిదర్శనముగా చెప్పుట వాడుక. నాకు మాత్రము ఇందు వృత్తిధర్మమే కనబడుచున్నది. ఆగిపోయిన విమానమును చూచినపుడు అది ఎవరిదన్న విచారణకు ముందు దానికేమి కావలెనో చూచుట ఈ వృత్తివారికి తొలినాళ్ల నుండియు అలవడిన స్వభావము. నేటికిని ఒక సంస్థలో జరిగిన ప్రమాదముపై వెలువడిన విచారణ నివేదికను పోటీసంస్థల పైలటులు కూడ పాఠ్యగ్రంథమువలె చదువుకొందురు.

1932 అక్టోబరు 15వ తేదీన ఆ టాటాగారే కరాచీనుండి అహమ్మదాబాదు మీదుగా బొంబాయికి పుస్ మాత్ అను ఒంటియంత్రపు చిన్న విమానమున టపా తెచ్చిరి. అహమ్మదాబాదులో విమానమునకు కావలసిన పెట్రోలు డబ్బాలు ఎద్దుబండిమీద వచ్చినవి. బొంబాయినుండి నెవిల్ విన్సెంట్ అను వైమానికుడు ఆ టపాను బళ్లారి మీదుగా మద్రాసునకు చేర్చెను. తెలుగు పలుకుబడికి కొత్తది కాని ఆ బళ్లారి ఊరు అట్లు ఆకాశపు టపాదారిలో మజిలీ యైనది. తరువాతి కాలమున మన హైదరాబాదు బేగంపేట క్షేత్రమునుండి దక్కన్ ఎయిర్‌వేస్ విమానములు తిరుగుచుండిన రోజులలో, 1947లో వాణిజ్య లైసెన్సు పొందియు స్త్రీ యను కారణమున పలు సంస్థలచే తిరస్కరింపబడిన ప్రేమ్ మాథుర్ అను యువతిని కో-పైలటుగా చేర్చుకొన్నది ఈ దక్కన్ సంస్థయే. భారతదేశమున వాణిజ్య విమానములు నడిపిన తొలి మహిళగా ఆమెను చెప్పుకొందుము. నేడు లోకమున పైలటులలో స్త్రీలు నూటికి అయిదారుగురు మాత్రమే యుండగా, మన దేశమున ఆ సంఖ్య అంతకు రెండింతలకు మించినది. కూతుండ్రను వెంటబెట్టుకొని నా వద్దకు వచ్చు తల్లులకు నేను మొదట చెప్పునది ఈ మాటయే.

ఇక త్రోవ యెట్టిదో చెప్పవలెను. ఇంటర్మీడియెట్టులో భౌతికశాస్త్రమును, గణితమును చదివియుండుట ఇంతకాలముగా నియమమై యున్నది. ఆ నియమము సడలినను సడలకున్నను ఆ రెండును రానివానికి ఈ విద్య పట్టుపడదు. పదునారేండ్లు నిండినవారికి విద్యార్థి లైసెన్సు లభించును. వాణిజ్య లైసెన్సునకు పదునెనిమిది నిండవలెను. ఆకాశమార్గ నిర్ణయము, వాతావరణము, వైమానిక నిబంధనలు, యంత్రవిజ్ఞానము అను విషయములలో పౌరవిమానయాన శాఖవారు పరీక్షలు జరుపుదురు. ఒక్కొక్కదానిలో నూటికి డెబ్బదియైనను రానిచో ఉత్తీర్ణత లేదు. రేడియోలో మాటాడుటకు వేరొక పరీక్ష. వీనితోడ రెండువందల గంటల విమానయానము జరుగవలెను. అందు నూరుగంటలు తానే విమానమునకు కర్తయై నడిపినవి కావలెను. ఇది యంతయు గడచినను చేతికి వచ్చునది చిన్న విమానపు యోగ్యతయే. ఎయిర్‌బస్సు గాని, ఏటీఆర్ గాని నడుపుటకు ఆ రకమునకు ప్రత్యేకమైన శిక్షణ మరల పొందవలెను. పదునైదువందల గంటలు నిండి, మరల పరీక్షలు నెగ్గిన తరువాత గాని కెప్టెనగుటకు కావలసిన పెద్ద లైసెన్సు రాదు.

వ్యయము మాట దాచి ప్రయోజనము లేదు. వాణిజ్య లైసెన్సునకును, పిదప పెద్ద విమానపు శిక్షణకును కలిపి అరకోటి రూపాయలకు తక్కువ కానేరదు, పలుచోట్ల మించును. పొలము కుదువబెట్టి వచ్చిన తండ్రులను నేను చూచితిని. ఉద్యోగము వచ్చినచో జీతము లక్షలలో నుండును, అప్పు తీరును. కాని ఉద్యోగము ఎప్పుడు వచ్చునన్నది విద్యార్థి ప్రతిభ యొక్కదానిపైననే ఆధారపడి యుండదు. 2012లో కింగ్‌ఫిషరు, 2019లో జెట్ ఎయిర్‌వేస్ విమానములు నిలిచిపోయినపుడును, 2020లో కోవిడ్ మహమ్మారి వచ్చినపుడును, వేలగంటల అనుభవము గలవారే వీధిన పడగా, రెండువందల గంటల కుర్రవానిని పలుకరించువాడు లేకపోయెను. తరువాత కాలము తిరుగబడి, పైలటులు దొరకరను కేక వినబడెను. ఈ ఆటుపోట్లు మరల రావని ఎవరైనను చెప్పినచో ఆ మాట చెప్పువాడు శిక్షణసంస్థ ప్రకటనలు వ్రాయువాడై యుండును. రెండుమూడేండ్లు జీతము లేకున్నను ఇల్లు నిలువగల కుటుంబము ముందడుగు వేయవచ్చును; నిలువలేని కుటుంబపు బిడ్డ వైమానికదళపు పరీక్షలకు కూర్చుండుట మేలు. అచ్చట శిక్షణకు రుసుము లేదు.

ఇప్పుడు మిమ్ములను వేకువజామున ఒక శిక్షణక్షేత్రమునకు కొనిపోయెదను. ఇంకను ఎండ పొడ తగులలేదు. సెస్నా విమానము రెక్కలమీద మంచు చెమర్చియున్నది. పందొమ్మిదేండ్ల పిల్ల యొకతె, చేత చెక్‌లిస్టు పట్టుకొని, దానిచుట్టు ప్రదక్షిణముగా తిరుగుచున్నది. రెక్కక్రిందనున్న చిన్న మీట నొత్తి, పారదర్శకమైన గొట్టపుగిన్నెలోనికి కొంత పెట్రోలు దించి, కంటికెదురుగా ఎత్తి పట్టుకొని చూచును. విమానపు పెట్రోలు లేతనీలిరంగున నుండవలెను. అడుగున బుడగవలె రంగులేని చుక్క కనబడినచో అది నీరు. రాత్రి చలికి టాంకులో చెమ్మ పట్టి, పెట్రోలుకంటె బరువగుటచే అడుగునకు చేరిన ఆ చుక్క యంత్రమును గాలిలో ఆపివేయజాలును. గిన్నె పారబోసి, మరల పట్టి, నీలము తప్ప మరేమియు కనబడనంతవరకు ఆమె అక్కడినుండి కదలదు. పిదప వేగమును కొలుచు సన్నని గొట్టము మూతిలో కందిరీగ యేదైనను మట్టి పెట్టినదేమో చూచును. ఆయిలు పుల్ల బయటికి లాగి, గుడ్డతో తుడిచి, మరల ముంచి చూచును. రెక్క చివరి పలకలను చేతితో ఎత్తి దించి, వాని మేకులను ఒక్కొక్కటిగా తడవి చూచును. నిన్న సాయంకాలము ఈ విమానమును దించినది ఆమెయే. రాత్రి దానిని ఎవరును ముట్టలేదు. అయినను ఏదియు విడువదు. లోపల కూర్చుండి, కిటికీనుండి "క్లియర్ ప్రాప్" అని గట్టిగా అరచి, చుట్టును ఎవరును లేరని చూచి, అప్పుడు గాని తాళము త్రిప్పదు. ఈ ఇరువది నిమిషముల పనిని విసుగుకొనక చేయగలవాడు పైలటు కాగలడని, విసుగుకొనువాడు ఎంతటి తెలివిగలవాడైనను వేరొక ఉద్యోగము చూచుకొనుట క్షేమమని నా అభిప్రాయము.

ఒకనాడు, ముందుగా చెప్పకయే, శిక్షకుడు తలుపు తెరచి దిగిపోయి, నీవొక్కతెవే ఒక చుట్టు చుట్టి రమ్మనును. పక్కసీటున మనిషి బరువు తగ్గినందున విమానము అలవాటుకంటె త్వరగా నేలనుండి లేచిపోవును. ఆ ఆశ్చర్యమును గూర్చి ప్రతి విద్యార్థియు చెప్పును. దిగివచ్చిన తరువాత తోటివారు బిందెలతో నీళ్లు గ్రుమ్మరింతురు. అంతటితో ఆ వేడుక ముగియును. మరునాడు మరల పెట్రోలు గిన్నె.

నా పాఠములలో మిక్కిలి కష్టమైనది మేఘములో దిక్కుతోచని స్థితిని గూర్చినది. మానవుని చెవిలోపల ద్రవముతో నిండిన మూడు అర్ధవలయములు కలవు. తల ఎటు తిరిగినను ఆ ద్రవపు కదలిక చేత మెదడు తెలిసికొనును. కాని వలయము తిరుగుట నిదానముగా, ఒకే తీరున సాగినపుడు ద్రవము కూడ దానితోపాటు తిరిగి, కొంతసేపటికి కదలిక లేనట్లే తోచును. కన్నులకు దిగంతరేఖ కనబడుచున్నంతవరకు ఈ మోసము బయటపడిపోవును. తెల్లని మేఘములో ప్రవేశించిన క్షణమున కన్ను పనికిరానిదగును. చెవి అబద్ధము చెప్పనారంభించును. విమానము ఎడమకు ఒరిగి క్రిందికి జారుచుండగా, సమముగా పోవుచున్నామని శరీరమంతయు సాక్ష్యమిచ్చును. ఎదుటి పరికరపు పలకలోని కృత్రిమ దిగంతరేఖను చూచి దానిని సరిదిద్దినవానికి ఇప్పుడు కుడికి ఒరిగిపోవుచున్నట్లు తోచి, చేయి మరల ఎడమకు లాగును. 1954లో అమెరికాలోని ఇల్లినాయి విశ్వవిద్యాలయమువారు, మేఘములో నడుపుట నేర్వని ఇరువదిమంది పైలటులను మేఘములో నున్నట్టి పరిస్థితులకు లోనుచేసి చూడగా, ఇరువదిమందియు విమానముపై పట్టు తప్పిరి. సగటున వారికి పట్టిన కాలము 178 సెకండ్లు. అనగా మూడు నిమిషములైనను కాదు. వారు మూర్ఖులు కారు, నిర్లక్ష్యపరులు కారు. తమ దేహమును నమ్మిరి, అంతమాత్రమే. తన అనుభూతి ఇది, పలకలోని అంకె అది, రెండును విరోధించినచో అంకెయే నిజము అని ఒప్పుకొనుట వినుటకు సులభము. కడుపులో త్రిప్పుచుండగా, చేయి లాగుచుండగా ఒప్పుకొనుటకు నెలల తరబడి అభ్యాసము కావలెను. తన మీద తనకున్న నమ్మకమును ఇంత నిష్కర్షగా ప్రశ్నించుకొనుమని వేదాంతులు చెప్పగా విందుము గాని, దానిని వేతనమిచ్చి చేయించు ఉద్యోగము మరియొకటి నాకు తెలియదు.

దేహమునే కాదు, జ్ఞాపకమును కూడ నమ్మరాదు; ఆ పిల్ల చేతనున్న చెక్‌లిస్టు అందుకే పుట్టినది. 1935 అక్టోబరు 30వ తేదీన అమెరికాలోని రైట్ ఫీల్డ్ క్షేత్రమున, బోయింగువారి క్రొత్త బాంబరు విమానమును సైన్యముకొరకు పరీక్షించుచు ఆరితేరిన పైలటు ఒకడు దానిని లేపగా, అది కొంత యెత్తు పోయి కూలిపోయెను. యంత్రమున లోపమేమియు లేదు. నేలమీద గాలికి కదలకుండ తోకభాగపు పలకలకు వేసిన బిగింపును తీయుట మరచిరి. విమానము చాల గొప్పది గాని ఒక మనిషి జ్ఞాపకమునకు మించినదని తేలినది. అప్పుడు సైనిక పైలటులు చేసిన పని మరింత ప్రజ్ఞావంతుని వెదకుట కాదు. చేయవలసిన పనులను ఒక కాగితముమీద వ్రాసి, ఎంతటివాడైనను చదివి చేయవలెనని విధించుట. ఆ విమానమే బి-17 అను పేర వేలసంఖ్యలో తయారై యుద్ధమున పనిచేసినది. నేడు ఇరువదివేల గంటల కెప్టెను కూడ, అక్షరము పొల్లుపోకుండ తెలిసిన ఆ కాగితమును, ప్రతి పర్యాయమును పైకి చదివించి, జవాబు చెప్పును.

కాగితము ఉన్నంతమాత్రమున చాలదని 1977 మార్చి 27వ తేదీన తెలియవచ్చినది. కానరీ దీవులలోని టెనెరిఫె విమానాశ్రయమున దట్టమైన మంచులో రెండు జంబోజెట్ విమానములు ఒకే రన్‌వేపై ఢీకొని 583 మంది మరణించిరి. ఎదుటి విమానము రన్‌వే విడిచినదో లేదో నిశ్చయము కాకమునుపే డచ్చి విమానపు కెప్టెను వేగము పెంచెను. వెనుకసీటున కూర్చున్న ఫ్లయిట్ ఇంజనీరునకు సందేహము కలిగినది, అడిగెను కూడ. కెప్టెను దృఢముగా కొట్టివేయగా అతడు మరల నోరు తెరువలేదు. ఆ కెప్టెను సామాన్యుడు కాడు. తన సంస్థలో తక్కిన పైలటులకు శిక్షణ యిచ్చు పెద్ద. అతని పెద్దరికమే ఆ రెండవ ప్రశ్నను గొంతులో ఆపివేసినదని చెప్పినచో అన్యాయము కాదు. ఆ పిమ్మట లోకమంతటను కాక్‌పిట్ మర్యాదలు మారినవి: చిన్నవాడు సందేహమును స్పష్టముగా పైకి చెప్పవలెను, పెద్దవాడు విని తీరవలెను.

ఈ పాఠము మన పిల్లలకు నేర్పుటలో నేను పడు శ్రమ మీకు చెప్పవలెను. పెద్దవారికి ఎదురు చెప్పరాదని ఊగుటుయ్యాల నాటినుండియు విని పెరిగినవారు వీరు. మాస్టారు తప్పు చెప్పినను తల వంచుకొని వ్రాసికొందురు. నేను వాతావరణపు పాఠములో ఆనాటి గాలిపీడనమును 1013 అని నోటితో చెప్పి, బోర్డుమీద మాత్రము కావలెననియే 1031 అని వ్రాయుదును. ఎత్తును కొలుచు పరికరమునకు ఆ అంకెను కూర్చినచో అది సుమారు అయిదువందల అడుగులు హెచ్చుగా చూపును. అనగా విమానము తాననుకొన్నదానికంటె అయిదువందల అడుగులు క్రిందనుండును, ఎదుట కొండయున్నచో సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. మొదటివారములో తరగతియంతయు ఆ తప్పుడంకెను పుస్తకములలోనికి ఎక్కించుకొనును. కొందరు గమనింతురు, గమనించి, పక్కవాని పుస్తకము చూచి, మిన్నకుందురు. చివరి బల్లనుండి, లేచి నిలువబడి, చేతులు కట్టుకొని, "సార్, తప్పుగా అనుకోకండి…" అని ఎవరో యొకరు ఆరంభించుటకు ఒక్కొక్కప్పుడు నెలదినములు పట్టును. ఆ క్షమార్పణ కూడ అక్కరలేదని, "సార్, పీడనము 1013" అన్నచో చాలునని చెప్పుటకు మరికొంత కాలము. వినయమును విడువుమని నేను చెప్పుటలేదు. ఇంటికి వెళ్లి నాయనమ్మకు ఎదురు చెప్పమనుటయు లేదు. కాని కాక్‌పిట్‌లో మౌనము వినయము కాదు.

లెక్కల మాటకు వత్తును. 1983 జులై 23వ తేదీన ఎయిర్ కెనడావారి బోయింగ్ 767 విమానమొకటి 41,000 అడుగుల ఎత్తున ఇంధనము పూర్తిగా నిండుకొని, రెండు యంత్రములును ఆగిపోయి, గాలిలో మిగిలినది. ఆ విమానము కెనడాలో క్రొత్తగా కిలోగ్రాముల లెక్కకు మారిన రకము. నేలమీద లీటర్లను బరువుగా మార్చునపుడు అలవాటుచొప్పున పౌనుల గుణకమును వాడిరి. 22,300 కిలోలు కావలసినచోట 22,300 పౌనులు, అనగా సగముకంటె తక్కువ, ఎక్కినది. లెక్కను పలువురు చూచిరి. అంకె సరిగనే యున్నది, ప్రమాణము తప్పు. కెప్టెన్ బాబ్ పియర్సన్ తీరిక వేళలలో యంత్రములేని గ్లైడరులు నడుపు అలవాటు గలవాడు. కో-పైలటు మారిస్ క్వింటాల్ ఒకప్పుడు పనిచేసిన గిమ్లీ అను పాత సైనికక్షేత్రము దగ్గరలో నున్నది. ఎత్తు హెచ్చుగా నుండగా, పియర్సన్ గ్లైడరువాండ్ల పద్ధతిలో ఆ మహావిమానమును పక్కవాటుగా గాలికడ్డము జార్చి, ఎత్తును తగ్గించి దింపెను. దిగుచు చూచినచో ఆ రన్‌వేపై మోటారుపందెములు, పిల్లలతో కూడిన కుటుంబములు! ముందరిచక్రము మడిగిపోయి, ముక్కు నేలకు రాసికొనుచు విమానము వారి ముందర ఆగెను. లోపలి 69 మందిలోను, నేలమీద నున్నవారిలోను ఒక్కరికిని ప్రాణాపాయము కలుగలేదు. నా విద్యార్థులు ఈ కథలో గ్లైడరు విద్యను మెచ్చుకొందురు. నేను మాత్రము ఆ గుణకారమును బోర్డుమీద వారిచేతనే చేయింతును.

పట్టా వచ్చి, కెప్టెనై, భుజమున నాలుగు గీతలు వచ్చినవానికి కూడ పరీక్షలు తప్పవంటిని గదా. మన దేశమున విమానము నడుపుటకు ముందు గొట్టములోనికి ఊది తాను మద్యము సేవింపలేదని యంత్రమునకు నిరూపింపవలెను. సీసా మూత వాసనయైనను ఎరుగని శ్రోత్రియుడైనను ఊదవలసినదే. వైద్యపరీక్ష సంవత్సరమునకొకసారి, అరువదేండ్లు దాటినవారికి ఆరునెలలకొకసారి. ఆరునెలలకొకపరి సిమ్యులేటరులో కూర్చుండబెట్టి, లేచుచున్న క్షణమున ఒక యంత్రమునకు నిప్పు పెట్టుదురు, పొగ విడుతురు, చక్రములు దిగనీయరు. పరీక్షించువాడు తన తరువాత ఉద్యోగమున చేరినవాడైనను కావచ్చును. తప్పినచో మరల శిక్షణ, మరల పరీక్ష. అంతవరకు విమానము నడుపరాదు. కొందరు దీనిని అవమానముగా భావింతురు. అట్టివారు ఈ వృత్తిలో సుఖపడుటను నేను చూడలేదు. నలుబదేండ్లు గడచినను తనకు పని వచ్చునో రాదో సందేహము లేకుండ, సాక్ష్యముతోసహా తెలిసికొని నిద్రించు భాగ్యము ఎందరికి కలదు? నాకు లేదు.

నిద్ర యంటిని, దానిని గూర్చియు చెప్పవలెను. ఏటీఆర్‌లో క్రొత్తగా చేరిన కో-పైలటు తెల్లవారుజామున మూడింటికి లేచి, హైదరాబాదునుండి రాజమహేంద్రవరము, తిరిగి హైదరాబాదు, అక్కడినుండి తిరుపతి, మరల హైదరాబాదు అని ఒకేపూటలో తిరుగుచుండును. తిరుపతికి నిత్యము పోవుచున్నను కొండనెక్కుటకు తీరికుండదు. సంవత్సరమునకు వేయిగంటలకు మించి నడుపరాదని నిబంధన. కాని వేకువకును అర్ధరాత్రికిని మారుచుండు ఆ వేయిగంటలు శరీరమునకు రెండువేలతో సమానము. సంక్రాంతికి ఊరంతయు ఇంటికి పోవునపుడు వారిని చేర్చువాడు తాను పోజాలడు. పెండ్లి చేసికొనువారు ఈ సంగతి పెండ్లిచూపులనాడే చెప్పుట మంచిది.

విమానచోదనమనగా ప్రయాణికులను చేరవేయుట యొక్కటే కాదు. హైదరాబాదునకు ఆనుకొనియున్న దుండిగల్ అకాడమీలో వైమానికదళపు అధికారులు తయారగుదురు. 2016 జూన్ 18వ తేదీన అవనీ చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ అను ముగ్గురు యువతులు మన దేశపు తొలి మహిళా యుద్ధవిమాన చోదకులుగా నియుక్తులైనది అచ్చటనే. హైదరాబాదులో పెరిగి నిజాం కళాశాలలో చదివిన రాకేశ్ శర్మ యుద్ధవిమానములనుండి పరీక్షక పైలటై, 1984 ఏప్రిల్ 3వ తేదీన అంతరిక్షమునకే పోయెను. గోదావరి తీరమునుండి సముద్రములోని చమురు వేదికలకు సిబ్బందిని చేర్చు హెలికాప్టరు పైలటుల పని పత్రికలకెక్కదు గాని, కదలుచున్న ఓడవంటి దిమ్మెపై, సముద్రపు గాలిలో, చిన్నచాప పరిచినంత చోట దించుట వారికి నిత్యకృత్యము. శిక్షకవృత్తి కలదు, జీతము తక్కువ, నా పక్షపాతము దానిమీదనే.

తెలుగు మాధ్యమమున చదివినవారు ఆంగ్లమునకు జంకి నాకు జాబులు వ్రాయుచుందురు. జంకవలదు. అంతర్జాతీయ నియమముచొప్పున ఒక స్థాయి ఆంగ్లము రావలసినదే, దానికి పరీక్షయు కలదు. కాని రేడియోలో మాటాడునది సాహిత్యభాష కాదు, కొన్నివందల నియతపదముల మితభాష. అధికారి చెప్పిన ఎత్తును, దిక్కును, అంకెను అక్షరము తప్పక తిరిగి వినిపించుటయే అందలి ముఖ్యవిధి. మన వీధిబడులలో ఎక్కములు అప్పజెప్పిన నోటికి అది కష్టము కాదు. కంటద్దములున్నవారును అడుగుచుందురు: అద్దములతో చూపు సరియగునట్టిదైనచో సాధారణముగా అభ్యంతరముండదు. రంగులు గుర్తింపలేకపోవుట మాత్రము పెద్ద ఆటంకము; చుక్కల పటములోని అంకె కనబడదని పదునెనిమిదవ యేట, సగము రుసుము కట్టిన తరువాత తెలిసికొన్న పిల్లవాని ముఖమును చూచుట నాకిష్టము లేదు. కనుక తల్లిదండ్రులకు నా మనవి: శిక్షణసంస్థవారు ఎంత తొందరపెట్టినను, ఈ నెలాఖరులోపున కట్టినచో తగ్గింపని చెప్పినను, మొదట రెండవ తరగతి వైద్యపరీక్షకును, వెంటనే ఒకటవ తరగతి వైద్యపరీక్షకును బిడ్డను పంపుడు, ఆ రెండు ధ్రువపత్రములును చేతికి వచ్చిన తరువాతనే బ్యాంకుకు పోయి అప్పుపత్రముపై సంతకము చేయుడు.